ఐరన్ బిళ్ళ, పాలగ్లాసు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి ఈ లోకంలో ఒకటుందంటే నేను నమ్మేదాన్ని కాదు. నంద్యాలలో నర్సు ట్రైనింగు అప్పుడే ముగించి, ఆళ్లగడ్డలో మా ఇంటికి గంజి పెట్టిన తెల్లచీరతో దిగాను. (గంజి చీరకే కాదు, ఈ పిల్లకీ పట్టిందని మా నాయన అనేవాడు.) సరిగ్గా అప్పుడే మా అక్క తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. నంద్యాల డాక్టరమ్మ పరీక్ష చేసి, రక్తం బాగా తక్కువుంది, పెరగకపోతే కాన్పుకు కర్నూలు పెద్దాసుపత్రికి పోవాల్సిందే అంది. అక్కకు కర్నూలంటే హడలు. "ఆడ కాన్పు గదిలోకి అమ్మను రానీరంటనే. నేను పోను" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నేనుండా కదక్కా, రక్తం ఎట్ల పెరగదో చూస్తా" అన్నాను.

డాక్టరమ్మ రక్తానికి ఐరన్ బిళ్ళలు, ఎముకలకు కాల్షియం బిళ్ళలు ఇచ్చింది. ఎప్పుడెప్పుడు వేసుకోవాలో చెప్పబోతుంటే "నాకు తెలుసు మేడం" అన్నాను. (ఆ మూడు మాటలు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.) ఇంటికొచ్చి రోజూ పొద్దున్నే ఆ రెండు బిళ్ళలూ కలిపి, గ్లాసెడు చిక్కటి పాలతో మింగించాను. బలం మీద బలం కదా అని నా లెక్క. నెల తిరిగాక ఊళ్ళోనే పరీక్ష చేయించాం. రక్తం మాత్రం ఉన్నచోటు నుంచి కదల్లేదు. అక్క దొంగతనంగా బిళ్ళలు ఉమ్మేస్తోందని నాకు అనుమానం వచ్చింది. "యాడ పారేస్తాండావ్? నిజం చెప్పు" అని నిలదీశాను. "నీ ఎదురుగానే మింగుతాండా కదే పాపిష్టిదానా!" అని భోరుమంది. అయినా వినకుండా పెరట్లో కరివేపాకు చెట్టు మొదలు తవ్వి చూశాను. నాయన చొక్కా గుండీ ఒకటి దొరికింది.

మళ్ళీ నంద్యాల పోయాం. డాక్టరమ్మ అక్కను వదిలేసి నన్నడిగింది. "దేంతో మింగిస్తాండావ్?"

"చిక్కటి పాలతో మేడం. రెండూ కలిపి."

ఆమె కలం కింద పెట్టేసింది. "పాలల్లో కాల్షియమే, బిళ్ళలో కాల్షియమే. ఇంక పేగుల్లో ఐరన్‌కు దారి యాడుంటాది తల్లీ? ఐరన్ పరగడుపున నిమ్మరసంతో, కాల్షియం మధ్యాహ్నం అన్నం తిన్నాక. టీని ఐరన్ దగ్గరికే రానీయొద్దు. ఇంకొక నెల చూస్తా."

తిరుగు ప్రయాణంలో ఆళ్లగడ్డ బస్సు తలుపు దగ్గర జనం తోసుకుంటుంటే, సిగ్గు సంగతి అట్లుంచి, నాకు భలే ఆశ్చర్యమేసింది. మంచివీ మంచివీ కూడా కడుపులో ఇట్లే తోసుకుంటాయా! అయితే నిమ్మరసం, ఐరన్‌ను వెనక నుంచి తోసి ఎక్కించే కండక్టరన్నమాట!

ఆ నెలలో రక్తం పెరిగింది. అక్క ఆళ్లగడ్డలోనే, అమ్మ చెయ్యి పట్టుకొని ఆడపిల్లను కనింది. క్షమించమని అడగడానికి నాకు గంజి అడ్డమొచ్చింది.

మొన్న నాకే రక్తం తక్కువని ఐరన్ బిళ్ళలు రాశారు. అక్క ఫోన్ చేసింది. "దేంతో మింగినావే?"

"నీళ్ళతోనేలే" అన్నాను, టీగ్లాసు మెల్లగా కింద పెడుతూ.

"గ్లాసు చప్పుడు ఇనపడతాంది."

ఇక దాచి లాభం లేదనిపించింది. "అక్కా, ఆ పొద్దు నిన్ను ఊరికే అనుమానించి ఏడిపించినా. తప్పు నాదే" అన్నాను, ఇన్నేళ్ళకు.

"సరేలే. ఇంట్లో నిమ్మకాయలు ఉండాయా, లేవా?" అంది అక్క.

"నాకు తెలుసు" అనబోయి ఆగి, లేచి పోయి చూశాను. ఒకటుంది.