తెల్లబడిన ఈతకొలను

మే నెల రెండో ఆదివారం, వనపర్తి. ఉన్నవాళ్లు: నేను, నా భార్య, ఆమె తమ్ముడు.

మా ఇంటి ఈతకొలను నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. మోకాళ్ల నొప్పికి నా భార్య రోజూ అందులోనే నడుస్తుంది.

"పటిక తిప్పు బావా. కాల్వ నీళ్లు గట్లనే తేరుతయ్ గద," అన్నాడు బావమరిది.

"అది బురదకు. ఇది బోరు నీళ్ల సున్నం. నిన్న నువ్వు నీళ్లు శుభ్రమైతయని బట్టల సోడా గుమ్మరిస్తే తేలింది."

"అయితే పారబోద్దాం."

"ఈ ఎండలకు బోరు మళ్ల నింపుతదా?"

పంపు నడుస్తుండగా, సున్నం కరిగేలా బకెట్ నీళ్లలో కాస్త యాసిడ్ కలిపి అంచు వెంట పోశాను. యాసిడ్ ఎంతుందో రంగుతో చూపే పరీక్ష పట్టీ ముంచి చూసి, మళ్లీ కాస్త పోశాను.

"నా కూరల ఉప్పు గింత శ్రద్ధగా ఎన్నడు చూడలే," అంది నా భార్య.

మరునాడు పొద్దున కొలను అడుగు పలకలు స్పష్టంగా కనిపించాయి. ఆమె మెట్లు దిగి నడక మొదలుపెట్టింది. చూసిపొమ్మని, రాత్రే ఇంటికెళ్లిన బావమరిదికి ఫోన్ చేశాను.