లెక్కల టీచరమ్మ దిద్దిన రాకడ

ఆడపిల్లల హైస్కూల్లో ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పి రిటైరైన టీచరమ్మకి ఒక జబ్బు ఉండేది. ఎక్కడైనా లెక్క తప్పు కనబడితే ఊరుకోలేకపోయేది. బస్టాండులో టైముల బోర్డు తప్పని డ్రైవరుని ఆపేది. ఒకసారి ఎవరిదో సంతాప సభకి వెళ్లి, పోయినాయన వయసు ఫోటో కింద ఒక ఏడాది ఎక్కువ వేశారని, ఏడుస్తున్న కొడుకుని పక్కకి పిలిచి మరీ చెప్పింది.

"అక్కడ కూడానా!" అని తల పట్టుకున్నాడు భర్త.

"తప్పు తప్పే కదండీ. ఆ ఏడాది ఆయన బతకలేదుగా."

భర్త బస్సుల గ్యారేజీలో మెకానిక్కు. ప్రార్థనకి వచ్చేవాడు కాదు. నా ప్రార్థన ఇంజను కింద పడుకుని చేసుకుంటానులే అనేవాడు. భార్యనీ, తమతోనే ఉంటున్న తన అక్కనీ ప్రతి ఆదివారం స్కూటరు మీద రెండు ట్రిప్పుల్లో ప్రార్థన మందిరం మెట్ల దగ్గర దింపి వెళ్లిపోయేవాడు. మందిరమంటే పెద్ద కట్టడమేమీ కాదు. పరుపుల కొట్టు పైన ఒక పొడవాటి గది, అరవై ప్లాస్టిక్ కుర్చీలు, మాట మధ్యలో ఈల వేసే ఒక మైకు. పాస్టరుగారు దేవుని పనిలోకి రాకముందు రేడియోలు బాగుచేసేవారు. మంచి మనిషి, పెద్ద గొంతు. ఎవరింట్లో ఫ్యాను ఆగిపోయినా ప్రార్థన చేసి, స్క్రూడ్రైవరు తీసి, రెండూ తానే చూసుకునేవారు.

ఒక ఫిబ్రవరి ఆదివారం ఆయన గోడకి ఒక పెద్ద చార్టు అంటించారు. లేఖనాల్లో ఒక రాజు ఆజ్ఞ ఇచ్చాడట, అది క్రీస్తు పుట్టకముందు మాట. ఆ ఆజ్ఞ నుంచి ఇన్ని వేల ఏళ్లని ప్రవక్తలు చెప్పిన అంకె ఒకటి ఉందట. ఆ అంకెలోంచి రాజుగారి సంవత్సరం తీసేస్తే ఈ సంవత్సరం వచ్చింది. ఏప్రిల్ నెల, రెండో గురువారం, మధ్యాహ్నం మూడు గంటలకి ప్రభువు రెండవ రాకడ. దాంతో ఈ లోకం ఆఖరు, నమ్మినవాళ్లకి కొత్త ఒళ్లు.

"ఇంకా ఏడు వారాలే!" అన్నారు పాస్టరుగారు. మైకు ఈల వేసింది.

గదిలో కొందరు ఏడ్చారు, కొందరు చేతులెత్తారు. మూడో వరుసలో టీచరమ్మ మాత్రం కళ్లజోడు సర్దుకుని చార్టు కేసి చూస్తోంది. చేయి దానంతటదే లేచింది.

"చెప్పండమ్మా."

"తీసివేత తప్పండీ."

ఆవిడ లేచి చార్టు దగ్గరికెళ్లి, క్లాసులో చెప్పినట్టే చెప్పింది. "క్రీస్తుకి ముందు ఒకటో సంవత్సరం అయిపోగానే క్రీస్తు తర్వాత ఒకటో సంవత్సరం మొదలవుతుంది. మధ్యలో సున్నా సంవత్సరం అంటూ లేదు. మీరు మామూలుగా తీసేశారు కాబట్టి ఒక ఏడాది తగ్గింది. ఒకటి కలపాలి. ఈ ఏప్రిల్ కాదండీ, వచ్చే ఏప్రిల్."

సంచీలోంచి ఎర్ర పెన్ను తీసి, అలవాటు కొద్దీ చార్టు మీద తప్పు సంవత్సరానికి సున్నా చుట్టి, పక్కన సరైన సంవత్సరం వేసి వచ్చి కూర్చుంది.

అరవై మందీ ఒక్కసారి ఊపిరి వదిలారు. అది నిరాశో హాయో వాళ్లకే తెలియలేదు. ముందే సంగతి తెలిసి, శుక్రవారమే మేనేజరుని నోటికొచ్చినట్టు తిట్టి ఉద్యోగం మానేసిన ఒక గుమాస్తా మాత్రం టీచరమ్మని గుర్రుగా చూశాడు.

ఇంటికొచ్చాక సంగతి విని భర్త చాలాసేపు నవ్వాడు. "మొత్తానికి లోకానికి ఏడాది వాయిదా ఇప్పించావు. ఇంకో తప్పేదైనా ఉందేమో చూడకూడదూ? నా పెన్షన్ దాకా గడిచిపోతుంది."

నిజానికి ఆవిడ చెప్పింది తీసివేత గురించే. రాకడ గురించి కాదు. కానీ మరుసటి ఆదివారానికల్లా కథ వేరే అయిపోయింది. దేవుడు ఈ టీచరమ్మని మన మధ్యకి ఎందుకు పంపాడో ఇప్పుడు తెలిసిందన్నారు పాస్టరుగారు. కరపత్రాలు అచ్చయ్యాయి. తేదీ కింద చిన్న అక్షరాల్లో, "ముప్పై మూడేళ్ల అనుభవం గల గణిత ఉపాధ్యాయురాలు సరిచూసినది" అని ఉంది. టీచరమ్మ దాన్ని చదివి, ఒక ఒత్తు తప్పు పడిందని గొణిగింది. తర్వాత ఇంకోసారి చదివింది. కాసేపాగి మరోసారి.

ఎందుకంటే ముప్పై మూడేళ్లలో ఆవిడ పేరు చెబితే పిల్లలు పుస్తకాల వెనక దాక్కునేవారు తప్ప, చప్పట్లు కొట్టినవాళ్లు లేరు. ఇప్పుడు వీధిలో పాత విద్యార్థినులు ఆపి, "టీచర్, మీరు చూశారంటే ఇక తిరుగులేదు" అంటున్నారు. మందిరంలో ముందు వరుసలో మెత్త వేసిన కుర్చీ ఇచ్చారు. అరవై మంది నూట యాభై అయ్యారు. మెట్ల మీద కూడా కూర్చుంటున్నారు. ఆవిడ కాళ్లు నేల మీద ఆనలేదు కొన్నాళ్లు. నేను చూసింది తీసివేతేనని చెప్పాలని రెండు మూడుసార్లు అనుకుంది. నోటిదాకా వచ్చింది. మెత్త కుర్చీలో కూర్చున్నాక లోపలికి పోయింది.

అలా ఎనిమిది నెలలు గడిచాక ఆడపడుచు సంగతి వచ్చింది.

భర్తకి అక్క ఆవిడ. అరవై ఎనిమిదేళ్లు, పిల్లల్లేరు, మొగుడు పోయి పదిహేనేళ్లయింది. రెండు కళ్లకీ శుక్లాలు ముదిరాయి. గ్లాసు పక్కన నీళ్లు పోసేది. ఇంటికొచ్చిన చుట్టాలని గొంతు విని గుర్తుపట్టి, కనబడుతున్నట్టే నటించేది. కళ్ల డాక్టరు నెలలోపు ఆపరేషన్ చేయించుకోమన్నాడు, ఆలస్యం చేస్తే గట్టిపడిపోతాయన్నాడు.

"అక్కర్లేదు డాక్టరుగారూ," అంది ఆవిడ తాపీగా. "ఏప్రిల్లో కొత్త కళ్లొస్తున్నాయి. ఈ పాత వాటికి కోత ఎందుకు?"

డాక్టరు తెల్లబోయి టీచరమ్మని చూశాడు. టీచరమ్మ గోడ మీదున్న అక్షరాల పట్టీని చూసింది.

ఆ సాయంత్రం భర్త నవ్వలేదు. "తేదీ పాస్టరుది కావచ్చు. మా అక్క నమ్ముతున్నది పాస్టరుని కాదు, నిన్ను. వెళ్లి చెప్పు," అన్నాడు.

టీచరమ్మ వెళ్లి ఆడపడుచు మంచం మీద కూర్చుంది. "వదినా, నేను చూసింది ఒక తీసివేత మాత్రమే. అది ఎక్కడ మొదలుపెట్టాలో పాస్టరుగారు చెప్పారు. ఆ మొదలు సరైనదో కాదో నాకు తెలీదు."

"నీ అణకువ నాకు తెలీదా అమ్మాయ్," అంది ఆవిడ, మరదలి చెయ్యి వెతికి పట్టుకుని. "మా తమ్ముడు చెప్పమన్నాడు కదూ? వాడికి మొదట్నుంచీ నమ్మకం లేదు. నీ లెక్క ఎప్పుడైనా తప్పిందా?"

తప్పలేదు మరి. అదే వచ్చిన చిక్కు. టీచరమ్మ గట్టిగా ఇంకో మాట అనాల్సింది. అనలేదు. ఏమో, ఒకవేళ నిజమైతే? అన్న ఆలోచన ఆవిడకీ అప్పుడప్పుడూ వచ్చేది. ఆ ఏప్రిల్ మొదటి వారంలో వంటింటి కుళాయి కారుతుంటే మనిషిని పిలిపించి బాగుచేయించింది. "లోకమే పోతుంటే కుళాయి ఎందుకే?" అన్నాడు భర్త. "కారుతుంటే వదిలేసి ఎలా పోతాం?" అంది.

రెండో గురువారం వచ్చింది. పొద్దున్నుంచీ మందిరం కిక్కిరిసిపోయింది. అందరూ ఉతికిన బట్టలు కట్టుకున్నారు. ఫ్యాన్లు చాలక కరపత్రాలతో విసురుకుంటున్నారు. పాటలు పాడీ పాడీ గొంతులు బొంగురుపోయాయి. మూడింటికి ఐదు నిమిషాలుందనగా పాస్టరుగారు చెయ్యెత్తి అందర్నీ నిలబడమన్నారు. టీచరమ్మ చేతి గడియారం చూసుకుంది. ఆడపడుచు మొహం పైకెత్తి, రెండు అరచేతులూ చాచి నిలబడింది.

సరిగ్గా మూడు గంటలకి కిటికీలు అదిరేలా ఒక కూత వినబడింది.

"కడబూర! దేవదూత ఊదేశాడు!" అని ఎవరో కేక పెట్టారు. నూట యాభై మందీ ఘొల్లుమన్నారు. గుమాస్తా కుర్చీ మీదికెక్కాడు, పరలోకానికి ఎత్తబడటానికి కొంచెం దగ్గరవుతుందని కాబోలు. ఆ కేకల మధ్యలోనే ఆడపడుచు టీచరమ్మ మోచెయ్యి పట్టుకుని లాగింది.

"అమ్మాయ్, వెలుగొచ్చిందా? నాకు కనబడటం లేదు. ఎటు చూడమంటావో చెప్పు."

కింద పరుపుల కొట్టు లారీ రెండోసారి హారన్ కొట్టింది. దాని వెనకే క్లీనరు "రానీ, రానీ, ఆపు!" అని అరవడం కూడా వినబడింది.

"రాలేదు వదినా," అంది టీచరమ్మ. "అది లారీ."

"పోన్లే. గడియారాలు కాస్త అటూ ఇటూ ఉంటాయి," అంది ఆడపడుచు, మొహం దించకుండా. అలా ఐదింటిదాకా నిలబడింది. టీచరమ్మ కూర్చోమన్నా కూర్చోలేదు. చివరికి పరుపుల కొట్టాయన మెట్లెక్కి వచ్చి, లారీకి అడ్డంగా ఉన్న స్కూటర్లు ఎవరివో తీయమని అడిగితే, జనం ఒక్కొక్కరే దిగడం మొదలుపెట్టారు.

ఇంటి దగ్గర భర్త సెలవు పెట్టి కూర్చున్నాడు. ముగ్గురికీ టీ పెట్టి ఉంచాడు. ఆ రోజు ఒక్క మాటనలేదు. మర్నాడు మొదలుపెట్టాడనుకోండి, అది వేరే సంగతి.

ఆదివారానికి నూట యాభై మంది నలభై అయ్యారు. పాస్టరుగారు పీక్కుపోయిన మొహంతో వచ్చారు. చేతిలో కొత్త కాగితం. రాజుగారు ఆజ్ఞ ఇచ్చింది వసంతంలోనేనట, కానీ ఆ ఆజ్ఞ మోసుకెళ్లినవాడికి గుర్రం మీద ఆరు నెలలు పట్టిందట. అంటే అక్టోబరు. "టీచరమ్మగారు ఒకసారి సరిచూస్తే..." అని కాగితం అందించారు.

టీచరమ్మ లేచి కాగితం తీసుకుంది. కింద నుంచి పైకి, పై నుంచి కిందకి చూసింది.

"కూడిక సరిగ్గానే ఉందండీ," అంది.

నలభై మొహాలూ వికసించాయి. ఆవిడ కాగితం బల్ల మీద పెట్టి జనం వైపు తిరిగింది.

"కాని నేను కూడికే చూడగలను. ఆ గుర్రం ఆరు నెలలు నడిచిందో ఆరు రోజులు నడిచిందో నాకు తెలీదు. పాస్టరుగారికీ తెలీదు. తెలీని అంకెతో మొదలుపెడితే ఎంత బాగా కూడినా తెలీని జవాబే వస్తుంది. ఈ మాట ముప్పై మూడేళ్లు పిల్లలకి చెప్పాను. ఇక్కడ ఏడాది పైగా చెప్పలేదు. ఎందుకంటే మీరందరూ నన్ను మెచ్చుకుంటుంటే బాగుంది." ఆడపడుచు వైపు తిరిగింది. "మా వదిన నన్ను నమ్మి కళ్లు చూపించుకోవడం మానేసింది. వదినా, తప్పు నాది. క్షమించు."

వెనక నుంచి గుమాస్తా అడిగాడు. "అయితే నేను ఉద్యోగం వెతుక్కోవాలంటారా?"

"వెతుక్కోవాలి నాయనా," అంది టీచరమ్మ. ఒకరిద్దరికి నవ్వొచ్చింది. ఆ నవ్వు మెల్లగా గదంతా పాకింది. కొందరు నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు.

ఆడపడుచు మాత్రం నవ్వలేదు. రెండు రోజులు అన్నం ముందు కూర్చున్నప్పుడు కూడా మరదలితో పలకలేదు. మూడో రోజు పొద్దున్నే, "డాక్టరు దగ్గరికి ఎన్నింటికి వెళ్లాలి?" అని అడిగింది, గోడతో అడిగినట్టు.

ఆ సాయంత్రమే పాస్టరుగారు ఇంటికొచ్చారు. కుర్చీ అంచున కూర్చుని, టీ చల్లారేదాకా గ్లాసు తిప్పుతూ ఉండిపోయారు. "అరవై మందితో పదకొండేళ్లు నడిపానమ్మా," అన్నారు చివరికి. "తేదీ చెప్పాక మెట్ల మీద కూడా జనం. ఆపాలనిపించలేదు. మొదట నేనే నమ్మాను. తర్వాత... జనం నమ్ముతున్నారు కదా అని నమ్మాను."

"మనిద్దరిదీ ఒకటే రోగమండీ," అంది టీచరమ్మ.

"ఇంకెప్పుడూ తేదీ చెప్పను."

"చెప్పాలనిపిస్తే ఆవిడకి ఫోన్ చేయండి," అన్నాడు భర్త వంటింట్లోంచి. "ఇంకో ఏడాది కలిపి ఇస్తుంది."

పాస్టరుగారు ముందు బిత్తరపోయి, తర్వాత ఇల్లదిరేలా నవ్వారు. వెళ్తూ వెళ్తూ వాళ్ల గుమ్మం పక్కనున్న కాలింగ్ బెల్లు కూడా బాగుచేసి వెళ్లారు. అక్టోబరు కాగితాన్ని ఏం చేశారో ఎవరూ అడగలేదు. అక్టోబరులో మాత్రం మందిరానికి సున్నం వేయించారు.

ఆలస్యం చేసినందుకు డాక్టరు గట్టిగానే కేకలేశాడు. శుక్లం రాయిలా అయిందని, అరగంట పనికి గంటన్నర పట్టిందని అన్నాడు. ముందు కుడి కన్ను చేశాడు. కట్టు విప్పిన రోజు ఆడపడుచు చాలాసేపు మరదలి మొహంలోకి చూసింది. "ఇంత ముసలిదానివి ఎప్పుడయ్యావే?" అంది. టీచరమ్మ ఏడ్చేసింది. అది మాటలు కలిసినందుకో, ముసలిదన్నందుకో భర్తకి అర్థం కాలేదు.

ఇంటికి నడిచే వచ్చారు ముగ్గురూ. ఆడపడుచు ఆటో వద్దంది. వీధి పొడుగునా ఆగి ఆగి, ప్రతి బోర్డూ పైకి చదివింది. చెప్పుల కొట్టు, తాళం చెవులు చేయబడును, టైప్ నేర్పబడును, ఇచ్చట మూత్రము పోయరాదు. ఒక్కటి కూడా వదల్లేదు. వెనక వస్తున్నవాళ్లు పక్కకి తప్పుకుని వెళ్తున్నారు.

"అక్కా, ఎండగా ఉంది, పద," అన్నాడు భర్త.

"ఉండరా. ఆ ఎదురుగా నీలం బోర్డు మీద ఏదో చిన్నక్షరాల్లో ఉంది, చదవనీ," అంటూ ఆవిడ రోడ్డు దాటడం మొదలుపెట్టింది. టీచరమ్మ సంచీ చంకన పెట్టుకుని వెనకాలే పరుగెత్తింది.