బంద్ నాడు నల్లిగాడికి దొరికిన మైదానం

నల్లిగాడు నా కుక్క. గదిలో కట్టేసి నేను ఏసీలు బాగుచేసే పనికి పోతే వాడు రోజంతా అరవక ఏం చేస్తాడు? ఇంటి ఓనరు కడప పెద్దాయన. "ఏమప్పా, ఆదివారం దాకా చూస్తా. అప్పటికీ దాని నోరు మూతపడకుంటే ఇద్దరూ గది ఖాళీ చేయండి" అన్నాడు. బాగా పరుగెత్తిన కుక్క అరవదు, నిద్రపోతుంది. దానికి చోటు కావాలి, అంతే. బుధవారం తెలంగాణ బంద్, పని లేదు. వెతకడానికి బయలుదేరాను.

మాదాపూర్ గది నుంచి పొద్దున ఐదున్నరకు నడక మొదలు. ఆటోలు బంద్. పావుగంటలో మొదటి పార్కు. ఐదు రూపాయల టికెట్ కొన్నాక వాచ్‌మన్ కర్ర అడ్డం పెట్టాడు. "కుక్కలకు మనా ఉంది."

"దానికీ టికెట్ కొంటా."

"మజాక్ జేస్తున్నవా? పో పో!"

ఒళ్లు మండిపోయింది. అరగంట నడిచి రెండో పార్కుకు పోతే అక్కడ టికెట్ లేదు, మాట మాత్రం అదే. గడ్డి మీద మనుషులు కూడా కాలు పెట్టకూడదట. మరి ఎవడి కోసం పెంచారు?

ఎనిమిదింటికి కొండాపూర్ వైపు పెద్ద రోడ్డెక్కితే అక్కడ వంటావార్పు! ఉద్యమకారులు నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి అన్నం వండుతున్నారు. ఒక్క కారు లేదు. గొలుసు విప్పాను. అద్దాల ఆఫీసుల ముందు నల్లిగాడు బాణంలా పోయాడు, వచ్చాడు, మళ్లీ పోయాడు. జెండాలు పట్టుకున్నవాళ్లు ఈలలు వేశారు. నేను వాడికి పొద్దున తిండి పెట్టలేదు. మూడో చుట్టులో నేరుగా పోయి, వార్చి చల్లార్చిన గంజి బేసిన్‌లో మూతి పెట్టాడు.

"ఓ పిలగా, నీ కుక్క గంజి మొత్తం తాగుతుందిరా!" వండుతున్న ఒక అక్క అరిచింది.

"తప్పైంది అక్కా!"

"తప్పేంది, తాగనియ్. గింత ఉరికేదాన్ని ఇంట్ల ఎట్ల ఉంచుతున్నవ్?"

ఓనరు సంగతి చెప్పాను. ఆమె గరిటెతోనే చూపించింది. "గా బండల ఎనక మా బర్రెలు మేసే మైదానం ఉంది. గేటు లేదు, వాచ్‌మన్ లేడు. రోజూ తోల్కరా. ఎవడన్న అడిగితే పోచమ్మ పంపిందను."

ఆ మర్నాటి నుంచి రోజూ అక్కడికే. ఆదివారం ఓనరు మేడెక్కి వచ్చాడు. "ఏమప్పా, చప్పుడే లేదు, కుక్క బాగుందా?" నల్లిగాడు కాళ్లు చాపి గురక పెడుతున్నాడు. కాసేపు చూసి ఆయన గొంతు తగ్గించాడు. "ఉండనీలే. రేపు నన్ను గూడా లేపు. షుగరుకు డాక్టరు నడవమన్నాడు."

ఇన్ని అద్దాల మేడలు కట్టినవాళ్లు కుక్క పరుగెత్తేంత చోటు వదల్లేదు. రోడ్డు ఆపినవాళ్లే మాకు దారి చూపించారు. మీరూ వెళ్తే పొద్దున తొమ్మిది లోపలే ముగించండి, ఆ తర్వాత బండ కాలి పాదాలు బొబ్బలెక్కుతాయి. అక్కడ నల్లా లేదు, నీళ్లు మోసుకెళ్లాలి. మేం ఇప్పుడు ముగ్గురికి సరిపడా తీసుకెళ్తున్నాం.