మాధవి పట్టుకెళ్లిన ఇసుక సంచి

1999. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తలకిందులవుతాయని లోకమంతా హడలిపోతున్న రోజులు. వాటిని బాగుచేయడానికి మన సాఫ్ట్‌వేర్ పిల్లలు దిగారు, ఆ పుణ్యమా అని సింగపూరులో తెలుగు మాట బాగా వినబడసాగింది. సెరంగూన్‌లో మాది క్యాంపింగ్ సామాన్ల కొట్టు. మా తాత విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాడు కాబట్టి నా తెలుగులో అరవం, మలయ్ తొంగిచూస్తుంటాయి, ఏమనుకోకండి. ముందే చెబుతున్నా, మా కొట్లో తుపాకులుండవు. ఈ దేశంలో తుపాకీ క్లబ్బు దాటి ఇంటికి రాదు. మేం అమ్మేది దానికి తోడు కావలసిన సరంజామా మాత్రమే.

ఒక ఆదివారం మాధవి వచ్చింది. గుంటూరు పిల్ల, క్లెమెంటిలో గది తీసుకుని ఉంటూ సాఫ్ట్‌వేర్ పని చేస్తోంది. క్లబ్బులో చాప మీద పడుకుని రైఫిల్ కాల్చడం నేర్చుకుంది. ఇప్పుడు ఆస్ట్రేలియాలో ఫీల్డ్ పోటీకి వెళ్తోంది. ఇందులో చాపలూ గీపలూ ఉండవు. కొండల్లో సామాను మోసుకుంటూ నడవాలి. ఒక్కో చోటుని స్టేజ్ అంటారు. అక్కడ బండో, దుంగో, కంచో ఏది ఉంటే దాని మీదే రైఫిల్ ఆనించి, ఎక్కడో దూరాన ఉన్న రేకు గురుల్ని కొట్టాలి. ఇచ్చేది కొద్ది నిమిషాలే. విజిల్ పడ్డాక మిగిలిన గుళ్లు మిగిలినట్టే. రైఫిల్ అక్కడివాళ్లే ఇస్తారు, మిగతావి మనవి.

"కాళ్లావేళ్లా పడితే మేనేజర్ లీవ్ ఇచ్చాడంకుల్, మళ్లీ ఇవ్వడు. గెలవకపోయినా పర్లేదు. గుళ్లు మిగిలుండగా విజిల్ పడిందనుకోండి, అక్కడే ఏడ్చేస్తా" అంది.

అంటూనే కొట్టు మీద పడింది. రైఫిల్‌కి ముందుకాళ్లుగా బిగించే బైపాడ్, మూడు కాళ్ల స్టాండు, మడత చాప, గాలి వేగం చూసే మీటరు, రైఫిల్ కింద పెట్టే రెండు రకాల దిళ్లు, ఇంకా ఏవేవో వీపుసంచిలో కుక్కింది. పెళ్లివారు విడిదికి కూడా అంత సామాను తేరు!

"కొనేముందు మోసి చూడమ్మాయ్" అని చీపురుకట్ట చేతికిచ్చాను. మా కొట్టు పద్ధతే అంత. చీపురే రైఫిల్. స్టూలు బండరాయి, బియ్యం మూట దుంగ. మా ఆవిడ వంటింటి టైమరు తిప్పి, అమ్మకానికున్న విజిలొకటి నోట్లో పెట్టుకుంది. మాధవి మా కొట్టు పైనున్న ఫ్లాట్ల బ్లాకు మెట్లన్నీ ఎక్కి దిగి, రొప్పుతూ వచ్చి స్టూలు ముందు కూలబడింది. బైపాడ్ ఒక కాలు తెరుచుకుంది, రెండోది మొరాయించింది. స్టాండు వెతికేలోపు దిళ్లు దొర్లిపోయాయి. మా ఆవిడ విజిల్ ఊదేసింది. ఒక్క గుండూ పేలలేదు.

పక్క కాఫీ కొట్టు చైనీస్ అంకుల్ తొంగిచూసి, మాట చివర ‘లా’ తగిలించే ఇక్కడి ఇంగ్లీషులో, "అయ్యో, ఊడవడానికి ఇంత ట్రైనింగా లా?" అన్నాడు. మాధవి నేల మీదే పడి పడి నవ్వింది.

అప్పట్నించీ ఒక్కొక్కటే తీసేసుకుంటూ వచ్చాం. మధ్యాహ్నానికి మిగిలినవి చెవుల మఫ్‌లు, మోకాలి ప్యాడ్లు, భుజానికి తగిలించుకునే స్లింగ్ పట్టీ, చిన్న కాన్వాసు సంచి. ఆ సంచిలో ఇసుక పోసి బండకీ రైఫిల్‌కీ మధ్య పెడితే గురి కదలదు. కొత్తవి స్టాకు లేక, కొట్లో చూపించడానికి మా ఆవిడ కుట్టిందే అరువిచ్చాను. ఇసుక దులిపేసి, "ఖాళీగా పట్టుకెళ్లు, అక్కడ గట్టిగా నింపుకో. తిరిగి తెచ్చివ్వాలి సుమా" అన్నాను.

మాధవి తిరిగొచ్చేదాకా నాకు మనసు మనసులో లేదు. సగం సామాను తీయించింది నేనే కదా!

వస్తూనే, "అంకుల్, మీ సంచిని ఆస్ట్రేలియా ఎయిర్‌పోర్టులో కోసేశారు" అంది.

"ఖాళీ సంచిలో ఏం దొరికిందట?"

"శుభమా అని బయల్దేరుతూ ఖాళీ సంచి ఎట్లా పట్టుకెళ్తాం? పసుపు కలిపిన బియ్యం పోసి మూతి కుట్టేశా. అక్కడికి గింజలేవీ తేకూడదట, కస్టమ్సువాడు ఇదేంటని అడిగాడు. అక్షింతలంటే వాడికేం తెలుసు! బ్లెస్సింగ్స్ అన్నా. కత్తెర తీశాడు."

మా ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. నేను మాత్రం ఆదుర్దాగా అడిగాను, "మరి పోటీ?"

"అక్కడి ఇసుక పోసి, చిరుగుని జడ రబ్బరుబ్యాండుతో కట్టేశా. నిండా పోస్తే బ్యాండు ఊడిపోతోంది. సగమే పోశా. అదే కలిసొచ్చిందంకుల్! ఎంత వంకర బండ మీద పెట్టినా మెత్తగా అణిగి కూర్చుంది, రైఫిల్ ఇటూ అటూ జారలేదు. నా పక్కనాయన గట్టి సంచి దొర్లుతుంటే సర్దుకోవడంతోనే విజిల్ పడింది."

"నీకో?"

"ర్యాంకు అడక్కండి, కిందనుంచి చూస్తే తొందరగా కనబడతా. కానీ ఏ స్టేజ్‌లోనూ ఒక్క గుండు మిగల్లేదు!" అంటూనే ఏడ్చేసింది. ఆపుకోలేక నేనూ కళ్లు తుడుచుకున్నాను.

అరువు తెచ్చిన గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదంటారు కదా, సంచి నిండా చాక్లెట్లు పోసి తెచ్చింది. అవి ఆ వారంలోనే అయిపోయాయి. చిరుగు కుడతానని మా ఆవిడ అంటే వద్దన్నాను. అప్పటిదాకా నేను సంచి ఎంత బిగిస్తే అంత మంచిదని అందరికీ చెబుతూ వచ్చాను. ఇప్పుడు అదే రబ్బరుబ్యాండుతో, సగం ఇసుకతో, ఆ సంచి మా బల్ల మీద ఉంటుంది. మొదటి పోటీకి వెళ్లేవాళ్లు వచ్చి, "ఏంటంకుల్, సగం ఖాళీగా ఉంది?" అని అడుగుతారు.

"ఆ సగం అక్కడి బండరాయికి వదిలిన చోటు" అని చెప్పి, చీపురు చేతికిస్తాను.