దొర అడిగిన నల్లంచు చీర

లండన్‌లో సినిమా హాలు గేటు దగ్గర టికెట్లు చింపుతూ మొదలుపెట్టి, కెమెరా పెట్టెలు మోసి, చివరకు మద్రాసులో సొంతంగా సినిమాలు తీసేదాకా వచ్చిన దొర ఆయన. యుద్ధానికి ముందు పెనుకొండ కోటలో షూటింగు పెట్టుకుని, చీరల కోసం మా ధర్మవరం వచ్చాడు. ఇద్దరితో తలా ఒక చీర నేయించి, నచ్చినవానికి తన సినిమాలన్నిటికీ చీరలు నేసే పని ఇస్తానన్నాడు. ఒకణ్ణి నేను. రెండోవాడు మా చిన్నాయన కొడుకు. వానికి మగ్గం మీద కూచోబెట్టి నాడె పట్టడం నేర్పింది నేనే. ఆ సంగతి వాడు దొరకు చెప్పలేదు.

పెండ్లి సీనుకు తెల్ల చీర, నల్లంచు కావాలని దొర గుమాస్తా తెలుగులో చెప్పినాడు. నాకు నవ్వొచ్చింది. పెండ్లికూతురి చీరకు నలుపా? నా మగ్గం మీద అట్లాంటి పోగు ఎక్కించనన్నాను. దొరకు మన పద్ధతి తెలియదు, చూస్తే ఆయనే ఒప్పుకుంటాడని ఎర్ర చీరకు పచ్చంచు వేసి నేశాను. అంత మంచి చీర అంతకుముందు నేయలేదు.

పెనుకొండలో దొర ఒక నీలం అద్దం కంటికి పెట్టుకుని రెండు చీరలూ చూశాడు. తర్వాత అద్దం నా చేతికిచ్చాడు. అందులోంచి చూస్తే నా చీరకు అంచే లేదు. ఎరుపూ పచ్చా ఒకే మసక రంగు. తమ్ముని తెల్ల చీరకు నల్లంచు మాత్రం గీత గీసినట్టుంది.

"సినిమాలో రంగులు రావప్పా, ఇట్లే పడతాది," అన్నాడు గుమాస్తా.

"ముందే చెప్పకూడదా?"

"చెప్పనిస్తివా? నవ్వుకుంటా పోతివి."

తమ్ముడు నా చీర మడిచి చేతిలో పెట్టాడు. "మంచి చీర అన్నా. వదినకియ్యి."

ఆ మాట నేను మరవలేదు. దొర ఒక సినిమా తర్వాత ఒకటి తీస్తూ పెద్దవాడయ్యాడు. వెనకే మావాడూ. మద్రాసు నుంచి బూట్లేసుకుని దిగేవాడు.

హిందూపురం డేరా టాకీసుకు ఆ పెండ్లి సినిమా వచ్చినప్పుడు, వాని చీర తెర మీద తేలిపోయి ఉంటుందన్న ఆశతో భార్యను వెంటబెట్టుకుని పోయాను. బయటికొస్తూనే ఆమె, "మరిది నేసిన అంచు ఆడోళ్ళ బెంచీల దాకా ఎంత బాగ కనబడతాండాదో!" అంది.

చీరను ఏమీ అనలేకపోయాను. తిరుగు రైల్లో, ఆ చీర కట్టిన నటికి నడక రాదని పెనుకొండ దాటేదాకా వాదించాను. ఇప్పటికీ ఆమెకు నడక రాదనే అంటాను.