హిల్లెగొండ గారి ఒక చిన్న ప్రశ్న

హిల్లెగొండ గారు ప్రశ్న మొదలుపెడితే ముగియదు. ఆవిడలో చెప్పుకోదగ్గ లోపం అదొక్కటే, కానీ అది ఆవిడ కంటే పొడుగు. "ఒక చిన్న ప్రశ్న" అంటూ లేవగానే హాల్లో అనుభవం ఉన్నవాళ్లు కోట్లు విప్పి ఒళ్లో పెట్టుకుని సర్దుకు కూర్చుంటారు. బ్రస్సెల్స్ నుంచి వచ్చిన వక్త ఒకాయన, ప్రసంగం ఆవిడదే అనుకుని చివర్లో చప్పట్లు కొట్టాడు. ఇంకొకాయన మధ్యలో బయటికెళ్లి, సైకిల్‌కి పంక్చరు వేయించుకుని తిరిగొచ్చి, "ఎంతదాకా వచ్చింది?" అన్నాడు పక్కావిడతో.

"ఇంకా 'అయితే' దగ్గరే ఉంది."

ఊపిరి ఎప్పుడు పీల్చుకుంటుందో చూసినవాళ్లు లేరు. అయినా రాజకీయాల్లో ఆడవాళ్ల సంగతుల మీద ఆవిడంత చదివిన మనిషి హాలండ్ మొత్తంలో లేదు.

యూనివర్సిటీలో ఆవిడ విభాగంలోనే నింకె అనే పిల్ల ఉండేది. పల్లెటూరి కౌన్సిల్ మీటింగుల్లో ఏళ్ల తరబడి కూర్చుని, ఆడ సభ్యుల మాటకి ఎవరెవరు ఎలా అడ్డు తగులుతున్నారో పుస్తకం రాసింది. ఇక డాక్టరేటు కోసం సభలో జవాబులు చెప్పుకోవాలి. ముప్పావుగంట గడువు. అది కాగానే చిరుగంటలు కట్టిన కర్ర పట్టుకున్న మనిషి వచ్చి నేలమీద కొడితే, నోట్లో మాట నోట్లో ఉండగానే సభ సరి.

పట్టా ఎలాగూ ఇస్తారు. భయమంతా ముందువరస గురించి. నింకెకి ఉద్యోగం ఇవ్వాలా వద్దా అని తేల్చేవాళ్లు అక్కడ కూర్చుంటారు. ప్రశ్నలడిగేవాళ్లలో డ్రూస్ట్ గారున్నారు. కొత్త పరిశోధకుల్ని నలుగురిలో ఉతికి ఆరేయడం ఆయనకి ఆటవిడుపు. కిందటేడు ఆయన చేతికి చిక్కినవాడు ఇప్పుడు సంతలో జున్ను అమ్ముకుంటున్నాడు.

"డ్రూస్ట్ కంటే ముందు హిల్లెగొండ గారి వంతే," అంది స్నేహితురాలు యిల్డౌ. "ఆయనకి టైమే మిగలదులే."

"నాకూ మిగలదే. నోరు తెరవడం రాని పిల్లనుకుంటారు వాళ్లు."

నింకె ధైర్యం చేసి ఆవిడ గదికెళ్లింది. "మేడమ్, మీ ప్రశ్న కాస్త పొట్టిగా..."

"నీకోసం అలాగే అమ్మాయ్. ఒక్క వాక్యం."

ఆ మాట వినగానే యిల్డౌ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "ఒక్క వాక్యమందా? చచ్చావు పో."

ఆ రోజు నల్లగౌన్లలో పెద్దలంతా కొలువుతీరారు. హిల్లెగొండ గారు లేచారు. "ఒక చిన్న ప్రశ్న. ఎవరో మాట మధ్యలో అడ్డొస్తే అది రాజకీయం ఎలా అవుతుందని కొందరు అడగొచ్చు, పాపం వాళ్లని ఏమనలేం, కాలువ గట్టు బీటలిచ్చిందని ఒకావిడ చెప్పబోతే నోరు మూయించారని, అదే ముక్క మర్నాడు మగాయన అంటే ఆయన పేరున రాసుకున్నారని నువ్వు చూపించావు, వాళ్లు అంతదాకా చదివి ఉండరు, మరి దాన్ని..." అలా సాగి సాగి, ఒకచోట ఆగి పిల్లవైపు చూసింది.

ప్రశ్న నడిచినంతసేపూ నింకె ఆలోచించుకుంది. ఆగేసరికి జవాబు సిద్ధంగా ఉంది. గడగడా చెప్పింది.

"అయితే," అంటూ ఆవిడ మళ్లీ అందుకుంది. ఇంకో ఆక్షేపణ. మళ్లీ ఆగింది. మళ్లీ జవాబు. ముందువరస కలాలు తీసింది. డ్రూస్ట్ గారు తన కాగితం మీది ప్రశ్నలు ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోయారు.

చివరికి ఆయన వంతు వచ్చింది. కాగితం అటూ ఇటూ తిప్పి, "అసలిది రాజకీయం ఎలా అవుతుంది?" అన్నారు.

"మహావిద్వాంసులైన ప్రశ్నకర్త గారూ, ఇందాకే మనవి చేసినట్టు..."

గంటల కర్ర నేలమీద ఠంగుమంది. గడువైపోయింది.

తర్వాత విందులో ముందువరసలోని పెద్దావిడ నింకె దగ్గరికొచ్చి, సోమవారం ఆఫీసుకొచ్చి మాట్లాడమంది. ఆవిడ అటెళ్లగానే డ్రూస్ట్ గారు వేయించిన మాంసం ఉండలు నములుతూ వచ్చారు. కోపంగా లేరు సరికదా, హుషారుగా ఉన్నారు.

"ఆ హిల్లెగొండని అందరూ వాగుడుకాయంటారు. అన్యాయమమ్మా. నిన్న రైల్లో నా పక్కనే వచ్చింది. నీ పుస్తకంలో తప్పులన్నీ దారిపొడుగునా ఏకరువు పెట్టాను. అది మాట్లాడకూడని బోగీ, చుట్టూ జనం గుడ్లురిమారు, నేను లెక్కచేస్తానా? ఎంత శ్రద్ధగా విందనుకున్నావు. నాకు తోచినవే ఆవిడకీ తోచాయి చూడు. తెలివైన మనిషి."

నింకె గ్లాసు బల్లమీద పెట్టేసింది. "మధ్యలో ఏమీ అడగలేదా?"

"ఒక్క మాట లేదు, ఎక్కింది మొదలు దిగేదాకా," అన్నారాయన. "దిగేటప్పుడు మాత్రం మొహం కందగడ్డలా ఉంది పాపం. ఒంట్లో బాగాలేదేమో."