తీగ కలపని సంఖ్య

మా మరిది పోయాడు. పోయిన నెల ఒక పొద్దున కాలేజీకి బయల్దేరి, చెప్పులు తొడుక్కుంటూ మెట్ల మీద కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. గోరిమేడు ఆసుపత్రికి చేరేలోగానే ప్రాణం పోయిందని డాక్టరు చెప్పారు. నలభై దాటి ఎన్నో ఏళ్ళు కాలేదు.

నేను రాసే మనిషిని కాను. తడ దగ్గర పల్లెలో పదో తరగతి వరకు చదివాను. పెళ్ళయి పుదుచ్చేరి వచ్చాక రామకోటి తప్ప మరేదీ రాయలేదు. ఇప్పుడు కలం పట్టడానికి కారణం మా వీధి మొదట్లో కట్టిన ఫ్లెక్సు బ్యానరు. దాని మీద మా మరిది గురించి ఒక అబద్ధం ఉంది. అది అబద్ధమని ఈ ఇంట్లో అందరికన్నా నాకే బాగా తెలుసు. అయినా కట్టేటప్పుడు పక్కన నిలబడి చూస్తూ ఊరుకున్నాను.

నేను కాపురానికి వచ్చేనాటికి అతను నిక్కరు వేసుకుని బడికి పోయేవాడు. మా అత్తవారింట్లో తెలుగు మాట్లాడతారు గాని చదవరు. అందరి చదువూ అరవంలోనే. నేను రామకోటి రాస్తుంటే పక్కన కూర్చుని అక్షరం అక్షరం అడిగి నేర్చుకున్నాడు. పెద్దయి ఫిజిక్స్ లెక్చరరు అయ్యాడు. పెళ్ళి మాట ఎత్తితే నవ్వి మేడ మీద గదిలోకి పోయేవాడు. మా ఆయనకు తట్టాంచావడిలో ఫ్యాక్టరీలకు స్విచ్ బోర్డులు చేసే వర్క్‌షాపు ఉంది. తమ్ముడి చదువంటే ఆయనకు గర్వం. ఆ చదువు ఏమిటో మాత్రం ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

అయినా మరిది నాకు చెప్పేవాడు. లోకం పుట్టి ఎట్లా పెరిగిందో లెక్క కట్టే ప్రోగ్రాము ఒకటి విదేశాలవాళ్ళు రాసి, ఎవరైనా వాడుకోండని ఇంటర్నెట్‌లో పెట్టారట. దానికి కొన్ని సంఖ్యలు ఇవ్వాలి. కంటికి కనిపించే పదార్థం ఎంత, కనిపించనిది ఎంత, లోకం ఎంత వేగంగా విచ్చుకుంటోంది, ఇట్లాంటివి. అది ఒక గీత గీస్తుంది. ఇంకో ప్రోగ్రాము ఆ సంఖ్యలను కొంచెం కొంచెం మారుస్తూ, వచ్చిన గీతను ఉపగ్రహం కొలిచిన ఆకాశంతో పోల్చి చూస్తూ, ఏవి సరిపోతాయో వెతుక్కుంటూ తిరుగుతుంది. రోజుల తరబడి తిరిగేది. మేడ మీద కంప్యూటరు ఫ్యాను రొద నాకు పూజగదిలోకి వినబడేది.

"ఇది ఎప్పుడూ మేలైన పక్కకే పోదు వదినా," అనేవాడు. "అప్పుడప్పుడూ దిగజారినా ఒప్పుకోవాల. పైకే పోతానంటే మొదట దొరికిన తిన్నె మీదనే కూచుండిపోతాది."

అతను చేసిందల్లా ఆ సంఖ్యల్లో కొత్తది ఒకటి చేర్చడం. లోకాన్ని బయటికి తోసే శక్తి కాలంతో పాటు మారుతోందా లేదా అని అడిగే సంఖ్య. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాములో కొత్త సంఖ్యను చేర్చాలంటే ఎన్నోచోట్ల చెయ్యి పెట్టాలట. చెయ్యి పెట్టిన ప్రతి వరుస పక్కనా తన పేరూ తేదీ రాసేవాడు. ఇంట్లో మిక్సీ బాగుచేసినా అంతే, అడుగున చిన్న కాగితం అంటించి పేరు రాసేవాడు. ఎందుకని అడిగితే, "మళ్ళీ చెడితే ఎవుర్ని తిట్టాలో తెలియొద్దా?" అనేవాడు.

ఆ సంఖ్య గురించి ఆకాశం ఏమీ చెప్పడం లేదని అతనికి తేలింది. పెద్ద పెద్ద దేశాలవాళ్ళు అది ఇంతకు మించదని హద్దు గీశారు. ఆ హద్దుకు ఆధారం లేదని ఇతను ఒక పత్రికలో రాశాడు. ఊళ్ళో పేపరువాళ్ళు దాన్ని ఇంకో రెండింతలు చేశారు. మన తెలుగువాళ్ళ సంఘం సన్మానం పెట్టింది. ఆ తర్వాత పెద్ద కాలేజీలో రీడరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ కూడా వచ్చింది.

సన్మానం ముందటి రోజు మధ్యాహ్నం నేను కాఫీ తీసుకుని పైకి పోయాను. మంచి ఉషారుగా ఉన్నాడు.

"వదినా, ఒక నెంబరు చెప్పు."

"ఏం నెంబరు?"

"ఏదో ఒకటి. నీకు నచ్చింది."

"ఏడు," అన్నాను. ఏడుకొండలవాడు తప్ప నాకు ఇంకేం తోస్తుంది.

"దేవుడి నెంబరే ఇచ్చినావే. ఏడు పెడితే ఈ లోకంలో ఒక్క నక్షత్రం గూడా పుట్టదు. చూడు తమాషా," అని ఏడు పెట్టాడు.

గుట్టలు గుట్టలుగా గీత వచ్చింది. ఎప్పుడూ వచ్చే గీతే. అతని నవ్వు ఆగిపోయింది. ఏడు తీసి డెబ్బై పెట్టాడు. గీత ఇసుమంత కూడా కదలలేదు. నేను గ్లాసు పట్టుకుని నిలబడే ఉన్నాను. కాఫీ మీద మీగడ కట్టింది.

నా వైపు తిరిగాడు. "స్విచ్ పెట్టినా వదినా. దానికి పేరు రాసినా. తిప్పితే తిరగతా ఉంది. ఎనకాల తీగ కలపలేదు."

సంఖ్యను ప్రోగ్రాము అడిగి తీసుకుంటోంది. వెతికేది దాన్ని మారుస్తూనే ఉంది. అసలు లెక్క కట్టే చోట మాత్రం పాత విలువే ఉండిపోయింది. ఏం ఇచ్చినా అదే గీత వస్తుంటే, ఏ విలువైనా సరిపోతుందని ఆ యంత్రం చెప్పింది. అతను దాన్ని ఆకాశం చెప్పిన మాట అనుకున్నాడు.

మా ఆయన వర్క్‌షాపు నుంచి రాగానే మరిది సంగతి చెప్పాడు.

"తప్పని ఎవురన్నా కనుక్కున్నారా?" అని మా ఆయన అడిగారు.

"నేనే కనుక్కున్నా."

"నువ్వు గాకుండా?"

"ఇంకా లేదు."

"మరింకేంది? నా బోర్డుల్లో డమ్మీ స్విచ్ లేని బోర్డు ఒకటి చూపీ. దాని పాటికి అది ఉంటాది. సన్మానం అయిపోనీ, ఇంటర్వ్యూ అయిపోనీ. ఆ పైన మెల్లిగా తీగ కలుపుకో."

"నీ బోర్డు చూసి ఎవురూ ఇంకో బోర్డు చెయ్యరన్నా. నా లెక్క చూసి చేస్తారు."

మా ఆయన నా వైపు చూశారు. "మీ అన్న చెప్పేది నిజమే కదా చిన్నయ్యా, కొన్నాళ్ళు ఓర్చుకో," అన్నాను. అతను తల వంచుకుని పైకి పోయాడు. నేను పూజగదిలోకి పోయి దీపం పెట్టి, ఈ తప్పు బయటపడకుండా కాపాడు స్వామీ అని మొక్కుకున్నాను. నా జన్మలో దేవుడిని ఇట్లాంటి పని అడగడం అదొక్కసారే.

మరునాడు హాలు నిండింది. సంఘం పెద్ద మాట్లాడాక మరిది లేచి, అందరికీ అర్థమయ్యే మన ఇంటి మాటల్లోనే చెప్పాడు. "నేను రాసింది తప్పు. నిన్న నాకే తెలిసింది. విదేశాలవాళ్ళ లెక్కలో తప్పు లేదు, తప్పు నాది. ఈ శాలువా నాకు తగదు."

ఆ వెంటనే చప్పట్లు మొదలయ్యాయి. సంఘం పెద్ద కళ్ళు తుడుచుకుని మైకు అందుకున్నారు. "చూసినారా అణకువ? ఎంత ఎత్తుకు పోతే అంత తగ్గతారు మనోళ్ళు," అన్నారు. మరిది రెండు చేతులూ అడ్డం పెట్టి, "అణకువ కాదు సార్, నిజంగానే తప్పు," అంటూనే ఉన్నాడు. అతను అన్నకొద్దీ చప్పట్లు పెరిగాయి. ఇద్దరు పట్టుకుని శాలువా కప్పేశారు. ఫోటో తీశారు.

నా పక్కన కూర్చున్న ఎదురింటి అక్క నా మోచెయ్యి తట్టింది. "ఏంది మే, మీ మరిది తప్పు చేసినానంటా ఉండాడు?"

"లేదక్కా, సుమ్మా, ఊరికే అంటా ఉండాడు," అన్నాను.

అంత హాలులో అతను చెప్పింది అర్థమైనది మా ఆయనకూ నాకూ మాత్రమే. సుమ్మా అంటున్నాడని చెప్పింది కూడా నేనే.

ఆ రాత్రే పత్రికకు రాసి తన వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నాడు. ఇంటర్వ్యూలో వాళ్ళు అడగకముందే తనే చెప్పాడట. ఉద్యోగం రాలేదు. మా ఆయన తమ్ముడితో మాట మానేశారు. నేను మాట మానలేదు, అన్నం పెట్టేదాన్ని, కానీ ముఖం చూసి పెట్టలేదు. మార్కెట్‌లో ఎవరైనా అతని గురించి అడిగితే కూరగాయల వైపు తిరిగేదాన్ని. అతని వల్ల మాకు తలవంపు అనుకున్నాను.

అతను మళ్ళీ మొదటినుంచి చేశాడు. ప్రతి ఫైలూ తెరిచి, ఆ సంఖ్య ఎక్కడ బయల్దేరి ఎక్కడికి చేరుతుందో వేలు పెట్టి చూసుకుంటూ పోయాడు. ఒక ఆదివారం వంటింటి గడప దాకా పరుగెత్తుకొచ్చాడు. బనీను చెమటతో తడిసిపోయి ఉంది.

"వదినా, ఇప్పుడు ఏడు పెడితే గీత ఇరిగి ముక్కలైపోతా ఉంది. రా, వచ్చి చూడు."

అంత సంతోషం అతని ముఖంలో శాలువా కప్పిన రోజు లేదు. విదేశాలవాళ్ళ లెక్కే సరి అని తేలిందట. తన తప్పు తేలినందుకు అంత సంతోషించేవాడిని నేను మళ్ళీ చూడలేదు.

"పొయ్యి మీద పాలుండాయి," అన్నాను.

పొయ్యి వైపు ఒకసారి చూశాడు. "పాలు దించినాక రా," అని పోయాడు. పాలు దించాను. పోలేదు. ఆ తర్వాత అతను ఎప్పుడూ పిలవలేదు. నాతో నవ్వడం మాత్రం మానలేదు.

ఇప్పుడు బ్యానరు సంగతి. మన ఊళ్ళో మనిషి పోతే వీధి మొదట్లో కన్నీటి అంజలి అని బ్యానరు కట్టడం మామూలే. సంఘంవాళ్ళు కట్టించారు. శాలువాతో ఉన్న ఫోటో వేశారు. దాని కింద అరవంలో పెద్ద అక్షరాలతో, ప్రపంచ శాస్త్రజ్ఞుల లెక్క తప్పని నిరూపించిన మేధావి అని రాయించారు. తాడు ముడి వేసేవాళ్ళకు నేనే మంచినీళ్ళు ఇచ్చాను.

కర్మ దగ్గర పడ్డాక ఒక సాయంత్రం మా ఆయనతో అన్నాను. "ఆ మాట తీసేయిద్దామండీ. అతను ఉంటే ఒప్పుకోడు."

ఆయన గోడ వైపు తిరిగారు. "వాడి బతుక్కి ఒక్క శాలువానే మే కప్పినారు. పోయినాక దాన్ని గూడా పెరకమంటావా?" అన్నారు. తమ్ముడితో మాట మానేసిన అన్న ఏడ్వడం అప్పుడు చూశాను.

తెల్లారి ఆయనే వర్క్‌షాపుకు పోయి, బోర్డుల మీద పేర్లు రాయడానికి వాడే తెల్ల స్టిక్కరు చుట్టా, నిచ్చెనా తెచ్చారు. "పట్టుకో," అన్నారు. నేను నిచ్చెన పట్టుకున్నాను. ఆయన ఆ వరుస మీద తెల్ల పట్టీ అంటించి, బుడగలు లేకుండా బొటనవేలితో నొక్కుకుంటూ పోయారు.

పట్టీ లేనప్పుడు ఆ బ్యానరును ఎవరూ ఆగి చదవలేదు. ఇప్పుడు పోయేవాళ్ళంతా ఆగుతున్నారు. ఎదురింటి అక్క కూడా ఆగింది. "ఏంది మే, ఆడ ఏం రాసినారని మూసినారు?"

నిజం నోటి దాకా వచ్చింది. "అచ్చు తప్పు పడిందక్కా," అన్నాను.

బతికినంతకాలం తన తప్పు పక్కన తన పేరు రాసుకున్న మనిషి తప్పును, ముఖం కూడా తెలియని అచ్చువాడి మీద వేశాను.

నిన్న సాయంత్రం గుడి నుంచి వస్తుంటే బ్యానరు వెనక వీధి దీపం వెలిగింది. గాలికి ఫ్లెక్సు ఉబ్బుతూ తగ్గుతూ ఉంది. తెల్ల పట్టీలోంచి అడుగు అక్షరాలు మసకగా, ఒక్కొక్కటే పైకి తేలాయి. దీపం ఉన్నంతసేపూ అట్లాగే ఉన్నాయి. నేను పూలబుట్ట పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

ఈ కాగితాలు మీ చేతికి వస్తే దాచిపెట్టండి. పారెయ్యకండి, ఎవరికీ చూపించకండి. చూపిస్తే, నా గురించి కూడా, పాపం ఎంత అణకువ అంటారు.